ఉడికిన గుడ్డులో వదలని చేతులు

ఒకప్పుడు గుడ్డును ఎంత ఉడికించినా, చల్లారితే చాలు, మళ్ళీ పచ్చిగుడ్డు అయిపోయేది.

పొయ్యి మీదనుంచి దించగానే వేడివేడిగా తినెయ్యాలి. కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారో, చేతిలోని గట్టి గుడ్డు మెల్లగా మెత్తబడి, జారుడు జారుడుగా మోచేతిదాకా కారేది. "తినవే తల్లీ, కారిపోతోంది!" అంటూ అమ్మలు పిల్లల వెంట పరిగెత్తేవాళ్ళు.

కోళ్ళకి మాత్రం ఏ బెంగా ఉండేది కాదు. గుడ్డు ఎండకి కాగినా, నిప్పు పక్కన ఉడికినా, చల్లారాక వచ్చి పొదిగితే పిల్ల లేచేది.

అదెలా కుదిరేదో తెలియాలంటే గుడ్డు లోపలికి వెళ్ళాలి.

తెల్లసొనలో పూసలుంటాయి. కంటికి ఆననంత చిన్న పూసలు. దారంలో గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి చేరి పొడుగాటి గొలుసులుగా ఉంటాయి. ఆ గొలుసునే పెద్దవాళ్ళు మాంసకృత్తు అంటారు. పూసలంటే ఊరికే పడుండే పూసలు కావు. మాట్లాడతాయి, పోట్లాడతాయి, అలుగుతాయి. ప్రతి పూసకీ పేరుంది. ప్రతి పూసకీ రెండు చేతులున్నాయి. ఒకటి ముందుచేయి, ఒకటి వెనకచేయి.

ఆ చేతులు పట్టుకోవడానికి ఒక కట్టుబాటు ఉంది. ముందుచేయి చాచి, తన ముందున్న నాలుగోవాడి వెనకచేతిని పట్టుకోవాలి. పక్కవాడిది కాదు, నాలుగోవాడిది. అందరూ అలా పట్టుకుంటే గొలుసు దానంతట అదే కాకర నులితీగలా చుట్టలు చుట్టుకునేది. దాన్ని మెలిక అనేవాళ్ళు. కొన్నిచోట్ల గొలుసు వెనక్కి తిరిగొచ్చి తన పక్కనే తాను పడుకునేది. అక్కడ ఎదురెదురు వరసలవాళ్ళు చేతులు పట్టుకుని, ఈతాకులు అల్లినట్టు బల్లపరుపుగా పరుచుకునేవాళ్ళు. దాన్ని చాప అనేవాళ్ళు. ఒక మెలిక అయిపోయి ఇంకొకటి మొదలయ్యే చోట గొలుసు వంగేది. అది మలుపు.

మెలిక, చాప, మలుపు. గొలుసుకి ఒళ్ళు కుదిరేది వీటితోనే.

ఇంకో కట్టుబాటు వేడికి సంబంధించింది. వేడి ముదిరితే చేతులు జారిపోతాయి, ఎవరూ ఆపలేరు. అప్పుడు ప్రతివాళ్ళూ తమ చేతులు తమ గుండెలకే ముడుచుకుని, కళ్ళు మూసుకుని, ఊగుతూ ఉండాలి. ఎవరినీ పట్టుకోకూడదు. గొలుసులు అలా బారుగా సాగి ఉన్నంతసేపే గుడ్డు గట్టిగా ఉంటుంది. చల్లారాక మలుపు దగ్గరవాడు "మలుపు ఇక్కడ!" అని కేక వేస్తాడు. ఆ కేక విని ఎవరి నాలుగోవాణ్ణి వాళ్ళు వెతుక్కుంటారు. గుడ్డు మళ్ళీ పచ్చిది అవుతుంది.

మనం చెప్పుకునే గుడ్డు ఒక నల్లకోడిది. ఊరి బయట ఇటుక బట్టీ పక్కన, పాత బూడిదలో గుంట చేసుకుని ఆ కోడి గుడ్లు పెట్టింది. బట్టీ అంటించినప్పుడల్లా గుడ్లు ఉడికేవి. కోడి అవతలికి పోయి గింజలు ఏరుకునేది. బూడిద చల్లారాక వచ్చి, "ఏం పిల్లలూ, చలేస్తోందా?" అంటూ రెక్కలు పరుచుకుని కూర్చునేది.

ఆ గుడ్డులోనే, ఒక గొలుసులో, ప్రోలీను అనే కుర్రపూస ఉండేవాడు. ఉత్త కోపిష్టి.

అతని వెనకచేయి పుట్టుకతోనే వంగిపోయి తన నడుముకే అతుక్కుపోయింది. ఎంత లాగినా రాదు. మెలిక చుట్టుకుంటూ వచ్చిన గొలుసు అతని దగ్గరికి రాగానే పట్టు తప్పి పక్కకి వంగేది. అందుకే అందరూ అతన్ని "మలుపుగాడు" అని పిలిచేవాళ్ళు. చల్లారాక కేక వేసేదీ అతనే. దాన్ని గొప్ప పనిగా అతను ఏనాడూ అనుకోలేదు. మూలన నిలబడ్డవాడికి అప్పజెప్పిన చాకిరీ అనుకున్నాడు.

వెక్కిరింతలకి ప్రోలీను అలవాటు పడ్డాడు. అలవాటు పడలేనిది ఒక్కటే.

అతనికి వెనక నాలుగోచోట సెరీను అనే అమ్మాయి ఉండేది. ఆమె పట్టుకోవాల్సింది అతని వెనకచేతినే. అదేమో నడుముకి అతుక్కుని ఉంది. దాంతో చుట్టూ అందరి చేతులూ నిండుగా ఉంటే, సెరీను ముందుచేయి ఒక్కటే ఖాళీగా తెల్లసొనలోని నీళ్ళలో ఊగుతుండేది.

"నొప్పిగా ఉందా?" అని ఒకసారి అడిగాడు.

"ఖాళీ చేయి నొప్పెడుతుందా ఎక్కడైనా?" అని నవ్వింది సెరీను. "ముక్కు దురదపెడితే గోక్కోవడానికి ఈ వరసలో నాకొక్కదానికే చేయి ఖాళీ. నా అదృష్టం చూసి ఏడుస్తున్నారు అందరూ."

"నవ్వకు సెరీనూ. నా మూలంగానే కదా."

"అబ్బ, నీ మూలంగానే ఈ గుడ్డు గుండ్రంగా ఉంది, నీ మూలంగానే బట్టీ రాజుకుంటోంది. ఊరుకోవోయ్. నీటిచుక్కలు వచ్చి పట్టుకుంటాయిలే."

"పట్టుకుని?"

"వెళ్ళిపోతాయి. ఇంకోటి వస్తుంది."

అంతలోనే ఒక నీటిచుక్క దూసుకొచ్చి, "అమ్మాయ్, చేయి ఇలా తే, నాకు అవతల బోలెడు పనుంది!" అని ఆమె వేళ్ళు అందుకుని, గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. సెరీను కిలకిలా నవ్వింది. ప్రోలీను మొహం తిప్పుకున్నాడు. వచ్చిపోయేదాన్ని పట్టు అంటారా? అది ముష్టి. అందరికీ హక్కుగా దొరికేది ఆమెకి ముష్టిగా దొరుకుతోంది. అతనికి ఒళ్ళు మండిపోయింది.

గుడ్డు పెంకుకి సన్నటి రంధ్రాలుంటాయి. వాటిగుండా బయటి మాటలు లోపలికి వస్తాయి. సాయంత్రాలు ఇటుకలు మోసే కూలీలు బట్టీ గోడ దగ్గర చేరి అరిచేవాళ్ళు.

"చేయీ చేయీ కలపండి! పట్టిన చేయి వదలొద్దు! ఒక్కరు మిగిలిపోయినా అందరం ఓడినట్టే!"

ప్రోలీను ఒళ్ళు జలదరించేది. ఒక్కరు మిగిలిపోయినా! ఆ మాట తన కోసమే ఎవరో రాసినట్టనిపించేది. ఒక్క ముక్క పోకుండా అన్నీ కంఠతా పట్టాడు.

ఒకరోజు పొద్దున్నే బూట్ల చప్పుడు వినిపించింది. దెబ్బల చప్పుడు వినిపించింది. ఒక ఆడమనిషి చాలాసేపు ఏడ్చింది. ఆ సాయంత్రం గోడ దగ్గర ఎవరూ అరవలేదు. మర్నాడూ అరవలేదు. తర్వాత బట్టీలో కట్టెలు పేరుస్తున్న చప్పుడు మొదలైంది, ఎప్పటిలాగే.

"వాళ్ళ నోళ్ళు మూసేశారు," అన్నాడు ప్రోలీను. "మనవి మూయలేరు. ఈసారి వేడి వచ్చినప్పుడు మనం చేతులు ముడుచుకోం!"

అతని పక్కనే, మలుపులో, గ్లైసీను అవ్వ ఉండేది. గుడ్డు మొత్తంలో అందరికంటే చిన్న పూస. ఒంటి మీద బరువన్నది లేదు కాబట్టి ఎటు కావాలంటే అటు ఒదిగిపోయేది. అందుకే ఎవరూ ఇమడలేని ఆ వంపులో ఆమె ఇమిడింది.

"ముడుచుకోక ఏం చేస్తావురా?" అంది అవ్వ.

"పట్టుకుంటాం! ఎవరు దొరికితే వాళ్ళని! నాలుగోవాడే ఎందుకవ్వా? ఎవరి చేయి ఎవరిదో మనం పుట్టకముందే తేల్చిపారేసింది ఎవరు? ఇది కట్టుబాటు కాదు, సంకెల!"

"బాగా చెప్పావు. మరి చల్లారాక?"

"చల్లారాకా వదలం. పట్టిన చేయి వదలొద్దు!"

అవ్వ నవ్వలేదు. "ఒరేయ్ నాయనా, మనం ఇక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి రాలేదు. పచ్చసొన మీద నిద్రపోతున్న పిల్ల ఉంది చూడు, అది లేచాక మనల్ని ఒక్కొక్కరినీ విప్పుకుంటుంది. ఒకణ్ణి రెక్కలో పెట్టుకుంటుంది, ఒకణ్ణి గుండెలో పెట్టుకుంటుంది. వదిలే చేతులైతేనే విప్పుకోగలదు. ఎవరూ వదలకపోతే అది ఏం తిని పెరుగుతుంది?"

"పిల్ల, పిల్ల! రేపటి పిల్ల కోసం ఇవాళ సెరీను చేయి ఖాళీగా ఉండాలా?"

"ఉండాలని నేననలేదురా. దానికి ఉపాయం నాకు తెలియదు. అంతే."

"తెలియనివాళ్ళు దారిలోంచి తప్పుకోవాలి!" అన్నాడు ప్రోలీను. అవ్వ మొహం చిన్నబోయింది. అతను చూడలేదు. అప్పటికే అవతలివైపు తిరిగి మెలికలవాళ్ళతో మాట్లాడుతున్నాడు.

మెలికలవాళ్ళలో ల్యూసీను మామ మాటకి బలం ఎక్కువ. ఆయన ఒళ్ళంతా నూనె. నీళ్ళంటే ప్రాణభయం. అందుకే ఆయనా, ఆయనలాంటి నూనెఒంటివాళ్ళూ చుట్టుకున్న గొలుసు నడుమన, నీళ్ళు తగలని చోట దాక్కుని ఉండేవాళ్ళు. వేడి వచ్చి గొలుసు విడిపోయినప్పుడల్లా వాళ్ళు నీళ్ళలో పడి గిలగిల్లాడేవాళ్ళు.

"నీళ్ళు తగలకుండా ఉంటుందంటే నీ వెనక నేనుంటానోయ్," అన్నాడు ల్యూసీను మామ. "మిగతా ఉపన్యాసం నాకక్కర్లేదు."

అది చాలనుకున్నాడు ప్రోలీను. గొలుసునుంచి గొలుసుకి మాట పాకింది. చేయీ చేయీ కలపండి. చేయీ చేయీ కలపండి. గుడ్డంతా గుసగుసలాడింది.

సెరీనుని మాత్రం అతను ఏమీ అడగలేదు. అడగాలని తోచలేదు.

బట్టీ అంటించారు.

మొదట బూడిద వెచ్చబడింది. తర్వాత పెంకు కాలింది. నీటిచుక్కలు పిచ్చెత్తినట్టు ఎగరడం మొదలుపెట్టాయి. మెలికల్లో ఒక్కొక్క చేయీ జారింది. చుట్టలు వదులయ్యాయి. చాపలు విడిపోయాయి. గొలుసులన్నీ పొడుగ్గా, బారుగా, నీళ్ళలో తేలాయి.

ప్రోలీను కళ్ళు తెరిచి చూశాడు. మెలిక లేదు, మలుపు లేదు. అందరి చేతులూ ఖాళీ. అందరూ తనలాగే ఉన్నారు. జీవితంలో మొదటిసారి అతనికి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది.

"చూశారా!" అని అరిచాడు. "ఇక్కడ ఎవరికీ చోటు రాసిపెట్టి లేదు! ఇప్పుడే, ఈ క్షణమే, పట్టుకోండి!"

అలవాటు కొద్దీ చాలామంది చేతులు ముడుచుకున్నారు. కళ్ళు మూసుకుని ఊగుతున్నారు. "ముడుచుకోండర్రా, ముడుచుకోండి," అని గ్లైసీను అవ్వ పీలగొంతు వినిపిస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడే నూనెఒంటివాళ్ళ మీద నీళ్ళు పడ్డాయి.

"చచ్చాన్రోయ్! నీళ్ళు! నీళ్ళు!" అని ల్యూసీను మామ కెవ్వుమన్నాడు.

"ముడుచుకోకు మామా! పట్టుకో!" అని ప్రోలీను గొంతు చించుకున్నాడు. "పక్క గొలుసువాణ్ణి పట్టుకో! ఎవరైతేనేం! పట్టిన చేయి వదలొద్దు! ఒక్కరు మిగిలిపోయినా అందరం ఓడినట్టే!"

ల్యూసీను మామ పక్క గొలుసువాణ్ణి వాటేసుకున్నాడు. వాడు ఇంకొకణ్ణి లాక్కున్నాడు. ముడుచుకున్న చేతుల్ని కూడా పెరికి పట్టుకున్నారు. భయం ఒకరినుంచి ఒకరికి అంటుకుంది. ఎవరి చేయి ఎవరిదో ఎవరూ చూడలేదు. గొలుసు పక్కన గొలుసు బల్లపరుపుగా అతుక్కుని చాప అయింది. చాప మీద చాప పడింది. దాని మీద ఇంకొకటి. మెలిక అన్నదే కనబడకుండా పోయింది. ఒత్తిడికి నీటిచుక్కలు సందుల్లో ఇరుక్కుని కదలడం మానేశాయి.

అంతసేపూ స్వచ్ఛంగా ఉన్న తెల్లసొనలోంచి వెలుగు దూరడం ఆగిపోయింది. గుడ్డు లోపలంతా సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది.

"సెరీనూ!" అని పిలిచాడు ప్రోలీను. "చేయి దొరికిందా?"

మధ్యలో దూరిన చాపల అవతలనుంచి సన్నగా జవాబొచ్చింది. "దొరికింది."

"ఎవరిది?"

"తెలియదు. మొహం అటువైపు ఉంది. గట్టిగా పట్టుకున్నాడు."

"గట్టిగానే పట్టుకోవాలి!" అన్నాడు ప్రోలీను. గెలిచాననుకున్నాడు.

బట్టీ ఆరింది. బూడిద చల్లారింది. పెంకు చల్లబడింది. గుడ్డంతా చప్పుడు లేదు.

ప్రోలీను కొంతసేపు చూశాడు. ఎందుకో భయం వేసింది. వదలొద్దన్నది తానే. అయినా పాత అలవాటు నోట్లోంచి తన్నుకొచ్చింది.

"మలుపు ఇక్కడ!" అని కేక వేశాడు.

ఎవరూ రాలేదు. ఎవరూ కదల్లేదు.

"మలుపు ఇక్కడ! అందరూ వినండి, ఇక్కడ!"

"అరవకురా, విన్నాం," అన్నాడు ల్యూసీను మామ.

"మామా, చల్లారింది. కొంచెం వదులు. సెరీను ఎక్కడుందో చూడాలి."

"వదిలితే నీళ్ళు తగులుతాయి."

"వేడి తగ్గింది కదా మామా!"

"నా భయం తగ్గలేదు." ఆయన గొంతులో కోపం కూడా లేదు. "వదలొద్దని నేర్పింది నువ్వే. ఇప్పుడు వదులుదామన్నా వేళ్ళు రావడం లేదు. నా చేతిని వాడు పట్టుకున్నాడు, వాడి చేతిని ఇంకెవడో పట్టుకున్నాడు. మొదట ఎవరు వదలాలో తెలిస్తే కదా?"

ప్రోలీను పక్కవాళ్ళ వేళ్ళు పట్టుకుని లాగాడు. ఉన్నది ఒక్క చేయి. రెండోది నడుముకే అతుక్కుని ఉంది. ఒక వేలు కూడా కదలలేదు.

"ప్రోలీనూ." అది సెరీను గొంతు.

"చెప్పు. ఉన్నాను."

"చేయి తిమ్మిరెక్కింది. ఒక్కసారి విడిపించుకుంటే చాలు, మళ్ళీ ఇచ్చేస్తాను. విడిపించవా?"

అతను తన ఒక్క చేత్తో మళ్ళీ లాగాడు. చాప కదల్లేదు.

"సరేలే," అంది సెరీను. "నీటిచుక్కలు ఇక రావు కదూ? వాటి కబుర్లు బాగుండేవి. ఒక్కోటి ఒక్కోచోటునుంచి వచ్చేది. నాకు అవంటే ఇష్టం. నువ్వు ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేదాన్ని."

ప్రోలీను నోరు తెరిచాడు. అతనికి ఎన్నో నినాదాలు వచ్చు. వాటిలో క్షమించమని అడిగేది ఒక్కటీ లేదు. గ్లైసీను అవ్వ వైపు చూశాడు. అవ్వ అతని పక్కనే, రెండు చాపల మధ్య నలిగి, మాట లేకుండా ఉంది.

నల్లకోడి వచ్చింది. "ఏం పిల్లలూ, చలేస్తోందా?" అని రెక్కలు పరిచింది. ఆ వెచ్చదనం పెంకులోంచి లోపలికి దిగింది. కానీ పచ్చసొన అప్పటికే గట్టిపడి పిండిముద్దలా అయిపోయింది. దాని మీద పిల్ల లేవలేదు. లేచినా విప్పుకుని తినడానికి దానికి ఒక్క పూస కూడా దొరికి ఉండేది కాదు.

కోడి రోజూ ముక్కుతో గుడ్డును పొర్లించేది. చెవి ఆనించి వినేది. "లేమ్మా, పొద్దెక్కింది," అనేది. గుడ్డులోపల వేలమంది ఆ మాట విన్నారు. చేయీ చేయీ పట్టుకుని అందరూ విన్నారు. ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు.

చివరికి ఒకనాడు కోడి లేచి నిలబడింది. గుడ్డు వైపు చాలాసేపు చూసింది. కాలితో దాన్ని గూట్లోంచి బయటికి తోసింది. మిగతా గుడ్ల మీద కూర్చుని, అటు చూడకుండా కళ్ళు మూసుకుంది.

ఆ మిగతా గుడ్లకి సంగతి తెలిసింది. కానీ తెలిసింది సగమే, లోపలంతా తెల్లబడకముందు పెంకు దాటిన కేకల వరకే. "ఆ గుడ్డులో అందరికీ చేయి దొరికిందట! ఒక్కరు కూడా మిగల్లేదట!" అనే మాట పెంకు రంధ్రాల్లోంచి గుడ్డునుంచి గుడ్డుకి, కోడినుంచి కోడికి, ఊరినుంచి ఊరికి పాకింది. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి లోపలివాళ్ళెవరూ బయటికి రాలేదు. ప్రోలీను అరిచాడు. రోజంతా, గొంతు పోయేదాకా, "వద్దు, ముడుచుకోండి, ముడుచుకోండి," అని అరిచాడు. వెలుగే దూరని తెలుపులోంచి మాటెలా దూరుతుంది?

అప్పటినుంచే వేడి తగిలితే ప్రతి గుడ్డులోనూ పూసలు మెలికలు వదిలేసి, దొరికిన చేయి దొరికినట్టు పట్టుకుంటాయి. అప్పటినుంచే ఉడికిన గుడ్డు తెల్లగా, గట్టిగా ఉండిపోతుంది. ఎంత చల్లార్చినా, ఎన్నాళ్ళు ఆగినా, మళ్ళీ పచ్చిది కాదు. ఏ కోడి పొదిగినా అందులోంచి పిల్ల రాదు.